మందు విమానాల పాత ఎయిర్‌స్ట్రిప్‌లో ముందు చూడాల్సిన మూల

సంపాదకులకు నమస్కారం.

పొలాల మీద మందు చల్లే చిన్న విమానాల కోసం సొంత నేలలో వేసుకున్న ఎయిర్‌స్ట్రిప్‌లు ఎన్నో దేశాల్లో మూతపడ్డాయి. ఇప్పుడవి సాగుకో, ఇళ్ల స్థలాలకో, బడి ఆవరణకో చేతులు మారుతున్నాయి. అలాంటి నేల మీద వార్త వస్తే ఫొటోలో గడ్డి మొలిచిన రన్‌వే ఉంటుంది, కింద ‘ఒకప్పుడు ఇక్కడ విమానాలు దిగేవి’ అని ఒక వాక్యం ఉంటుంది. మేము రాస్తున్నది ఆ ఫొటోలో పడని మూల గురించి. రన్‌వేకి పక్కగా, నీళ్ల ట్యాంకు దగ్గర, విమానంలోకి మందు ఎక్కించిన చోటు ఒకటి ఉంటుంది. ఆ నేల చరిత్రలో ఎక్కువ భాగం అక్కడే ఇంకి ఉంటుంది. దస్తావేజులో మాత్రం మొత్తం ఖాళీ భూమి అనే రాసుంటుంది.

ఈ పని ఎలా మొదలైందో తెలిస్తే ఆ మూలలో ఏముంటుందో సగం తెలిసినట్టే. 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ దగ్గర, గొంగళిపురుగులు తినేస్తున్న కటాల్పా చెట్ల తోపు మీద జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ కర్టిస్ జెన్నీ విమానంతో పొడిమందు చల్లాడు. ఆ పొడి పోసే తొట్టిని ఎటియెన్ డోర్మాయ్ అనే ఇంజనీరు తయారుచేశాడు. చల్లింది లెడ్ ఆర్సినేట్, అంటే సీసమూ ఆర్సెనిక్కూ కలిసిన పొడి. మరుసటి ఏడాదే లూయిసియానాలోని టాలులా పరిశోధనా కేంద్రం వాళ్లు పత్తి కాయను తొలిచే ముక్కుపురుగు మీద కాల్షియం ఆర్సినేట్ చల్లి చూశారు. ఆ పత్తి పని మీదే హఫ్ డాలండ్ డస్టర్స్ అనే సంస్థ 1925లో మన్రో పట్టణానికి చేరింది. 1928లో అది చేతులు మారి డెల్టా పేరు పెట్టుకుంది. ఇవాళ్టి డెల్టా ఎయిర్‌లైన్స్‌ పుట్టుక అదే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది మందుల సంగతి. సీసం, ఆర్సెనిక్ మూలకాలు. ఎండకు విరిగిపోవు, సూక్ష్మజీవులు తినేయవు. వందేళ్ల కిందట ఒలికినది కొట్టుకుపోకపోతే ఇంకా అక్కడే ఉంటుంది.

సొంత ఎయిర్‌స్ట్రిప్‌లు విరివిగా పుట్టింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. సైన్యం పైలట్లకు శిక్షణ ఇచ్చిన స్టియర్‌మన్ విమానాలు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. ముందు సీటు తీసేసి అక్కడ హాపర్, అంటే మందు తొట్టి బిగించి, చాలావాటికి 220 హార్స్‌పవర్ ఇంజను దింపి 450ది ఎక్కించి, పొలాల మీదికి తోలారు. అదే సమయంలో డీడీటీ చవకగా దొరకడం మొదలైంది. న్యూజిలాండ్‌లో దారి వేరు. అక్కడ 1949 నుంచి టైగర్ మాత్ అనే చిన్న విమానాలతో కొండవాలు పచ్చికల మీద సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లారు. 1954లో ఆ పనికోసమే ఫ్లెచర్ విమానం ఎగిరింది. అక్కడి స్ట్రిప్‌లు కొండ భుజాల మీద ఉంటాయి. ఎగువకి దిగడం, దిగువకి లేవడం, గాలి ఎటున్నా అంతే. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో 1952 నుంచి స్ప్రూస్ అడవుల మీద డీడీటీ చల్లేందుకు ఏకంగా అడవిలోనే స్ట్రిప్‌లు నరికారు. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ల ‘బసంత్’ 1972లో మొదటిసారి ఎగిరింది. అదీ హాపర్ విమానమే.

పెద్ద విమానాశ్రయం అందుబాటులో ఉన్నా పొలం పక్కనే స్ట్రిప్ ఎందుకు కావాలన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. 500 లీటర్లు పట్టే హాపర్, హెక్టారుకి 20 లీటర్ల చొప్పున అయితే ఒక లోడు 25 హెక్టార్లకు సరిపోతుంది. 250 హెక్టార్లకు పది లోడ్లు. మందు నింపే చోటు 15 కిలోమీటర్ల దూరంలో ఉండి విమానం గంటకు 160 కిలోమీటర్లు పోతే, రానూపోనూ 11 నిమిషాల పైమాట. పది లోడ్లకు దాదాపు రెండు గంటలు ఊరికే ఎగరడమే. పైగా మందు చల్లాల్సింది తెల్లవారుజామున, గాలి లేచేలోపు. ఆ రెండు గంటలు పోతే పొద్దుటి పని సగం పోయినట్టే. అందుకే 600 నుంచి 800 మీటర్ల పొడవు, 15 నుంచి 20 మీటర్ల వెడల్పున నేల చదును చేసి, గడ్డి కోసి, ఒక కర్రకు గాలి గొట్టం కట్టి పని మొదలుపెట్టేవాళ్లు.

ఇక ఆ మూల. నీళ్లు ఎక్కడుంటే మందు కలపడం అక్కడ. బోరో, చెరువు నుంచి పంపో, ఎత్తు మీద ట్యాంకో ఉంటుంది. దాని పక్కన పదడుగుల నుంచి ముప్పై అడుగుల సిమెంటు చప్టా, లేదా ఉత్త కంకర. విమానం ఆ చప్టా పక్కకి వచ్చి నిలబడితే, ఇంజను ఆపకుండానే రెండంగుళాల గొట్టంతో హాపర్ నింపేవాళ్లు. నింపిన ప్రతిసారీ గొట్టం విప్పినప్పుడు అందులో మిగిలింది కిందికి పోయేది. తెంచినా చుక్క పడని కప్లింగులు తర్వాతెప్పుడో వచ్చాయి. డ్రమ్ము మూత తీసి బకెట్లతో కొలిచి పోసిన రోజుల్లో ఒలికింది నీళ్లు కలపని గాఢమందు. పొలంలో హెక్టారుకి పంచాల్సిన మందు ఇక్కడ అడుగు మేరలో పడిపోతుంది.

దానికంటే ఎక్కువ చేటు కడుగునీళ్లది. పత్తి పైరుకి 2,4-డి కలుపుమందు పొగ తగిలినా ఆకు ముడుచుకుపోతుంది. వరిలో కలుపుమందు కొట్టి వచ్చిన విమానంతో కడగకుండా పత్తికి పురుగుమందు కొడితే పైరే పోతుంది, నష్టపరిహారం మీద పడుతుంది. కాబట్టి మందు మారిన ప్రతిసారీ హాపర్, పంపు, రెక్కల కింది గొట్టాలు, నాజిళ్లు మూడు విడతలుగా కడగాలి. 500 లీటర్ల హాపర్‌ని ఒక్కో విడతకి పదో వంతు నీళ్లతో కడిగినా 150 లీటర్లు. రోజుకి రెండుసార్ల చొప్పున తొంభై రోజుల సీజనుకి 27,000 లీటర్లు. ఆ నీళ్లన్నీ ఒకే చప్టా మీదనుంచి, ఒకే వాలున, ఒకే కాలువలోకి. కొందరు గుంట తవ్వి ఎండకి ఇగురుతాయని వదిలేవాళ్లు. నీళ్లు ఇగిరాయి, మందు గుంట అడుగున మిగిలింది. చాలా స్ట్రిప్‌లలో ఆ గుంటని తర్వాత చెత్తతో పూడ్చేశారు. ఇప్పుడు పైకి చూస్తే గుంట ఉన్నట్టే తెలియదు.

మరో చోటు కూడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. నిండు లోడుతో లేస్తుండగా ఇంజను తడబడితే పైలట్ ఒక లివరు లాగి హాపర్‌లో ఉన్నదంతా కొన్ని సెకన్లలో కిందికి వదిలేస్తాడు. ప్రాణం కాపాడే ఏర్పాటు అది, తప్పుపట్టాల్సింది కాదు. కానీ ఆ లోడు పడేది రన్‌వే చివర దాటిన నేల మీద. కాబట్టి విమానాలు ఏ వైపుకి లేచేవన్నది తెలుసుకోవాలి. ఆ చివర రెండు మూడు వందల మీటర్ల దాకా ఎవరి పొలమైనా సరే, చరిత్రలో దానికీ వాటా ఉంది.

ఇవి ఎందుకు మూతపడ్డాయన్నది క్లుప్తంగా. విమానాలు పెద్దవయ్యాయి. ఎయిర్ ట్రాక్టర్ 802 లాంటివి మూడు వేల లీటర్లు మోస్తాయి, నిండు లోడుతో లేవడానికి వాటికి చిన్న గడ్డి స్ట్రిప్ చాలాసార్లు చాలదు. మూడు విమానాలు చేసే పని ఒకటే చేసింది. అమెరికాలో ముక్కుపురుగు నిర్మూలన కార్యక్రమం 1978లో ప్రయోగంగా మొదలై రాష్ట్రం తర్వాత రాష్ట్రానికి పాకింది. 1996లో బీటీ పత్తి వచ్చింది. విమానాన్ని పొలానికి రప్పించిన పురుగే లేకుండా పోయాక పని తగ్గింది. ఐరోపా సమాఖ్య 2009 నాటి ఆదేశంతో విమానంతో మందు చల్లడాన్నే సాధారణంగా నిషేధించి, మినహాయింపులు మాత్రం మిగిల్చింది. యజమాని పోయాక వారసులు విమానం అమ్మేశారు, డ్రమ్ములు షెడ్డులో ఉండిపోయాయి.

నేల కొనేవాళ్లూ, దాని మీద వార్త రాసేవాళ్లూ వేయాల్సిన మొదటి ప్రశ్న ‘చుట్టూ ఏ పైరు పండేది, ఏ ఏళ్లలో?’ అన్నది. పైరూ, ఏ సంవత్సరమో తెలిస్తే మందు తెలుస్తుంది. 1940లకు ముందు పండ్లతోటలైతే లెడ్ ఆర్సినేట్, పత్తైతే కాల్షియం ఆర్సినేట్. యుద్ధం తర్వాత పత్తైతే డీడీటీ, టాక్సాఫీన్, మిథైల్ పారాథియాన్. కోతకు ముందు పత్తి ఆకు ఎండగొట్టడానికి ఆర్సెనిక్ ఆమ్లం వాడిన చోట్లూ ఉన్నాయి. అరటి అయితే శిలీంద్రనాశనులు, వాటితో కలిపిన నూనె. మిడతల మీదైతే బీహెచ్‌సీ, డీల్డ్రిన్. పచ్చిక కొండలైతే సూపర్ ఫాస్ఫేట్, దానితో పాటు ఆ రాతిఫాస్ఫేట్‌లోనే ఉండే కాడ్మియం. అమెరికా డీడీటీని 1972లో ఆపింది. టాక్సాఫీన్ వాడకాల్లో చాలావాటిని 1982లో, మిగిలినవాటిని 1990లో ఆపింది. ఆపిన తేదీ తర్వాత కూడా షెడ్డులో మిగిలింది వాడేశారా, పాతేశారా అన్నది వేరే అడగాలి.

మట్టి ఫలితం చేతికొచ్చాక దాన్ని చదవడానికి కొన్ని ఆనవాళ్లు పనికొస్తాయి. లెడ్ ఆర్సినేట్‌లో బరువు ప్రకారం సీసం దాదాపు 60 శాతం, ఆర్సెనిక్ దాదాపు 22 శాతం. అంటే ఆర్సెనిక్ ఒక పాలైతే సీసం 2.8 పాళ్లు. మట్టిలో ఆ రెండూ ఇంచుమించు ఈ పాళ్లలో పెరిగి ఉంటే ఆ మందే. ఏళ్లు గడిచేకొద్దీ ఆర్సెనిక్ కొంత కిందికి దిగుతుంది, సీసం పైపొరలోనే ఆగుతుంది. అందుకని పైపొరలో సీసం పాలు ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు. సీసం లేకుండా ఆర్సెనిక్ ఒక్కటే ఎక్కువుంటే పత్తి మందుల వైపు చూడాలి. ఆర్సెనిక్ లేకుండా సీసం ఒక్కటే ఉంటే అది ఇంధనం పంపు దగ్గరా అని చూడాలి. విమాన పెట్రోల్లో సీసం కలుపుతారు. ఇప్పుడు వాడే 100 ఎల్ఎల్ రకం విమాన పెట్రోల్లోనే లీటరుకి 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు, పాతవాటిలో ఇంకా ఎక్కువ. డీడీటీ విషయంలో, అది నేలలో మెల్లగా డీడీఈగా మారుతుంది. డీడీఈ ఎక్కువ, డీడీటీ తక్కువ ఉంటే పాతది, పలచగా పడింది. డీడీటీయే ఎక్కువ ఉంటే గాఢంగా ఒలికిన చోటు మీద నిలబడ్డారన్నమాట. చప్టా అంచున మట్టికో సిమెంటుకో చిక్కటి పసుపు మరక ఉంటే డైనోసెబ్ లాంటి పాత కలుపుమందు అయ్యుండొచ్చు. దాన్ని చేత్తో తాకకూడదు.

తవ్వేముందు ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూడాలి. అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసిన ఫొటోలని 1995లో బయటపెట్టారు. వాటిలో చివరి తరం కెమెరాలు రెండు మీటర్ల వస్తువుని పట్టుకోగలవు. స్ట్రిప్‌లు బాగా పనిచేసిన కాలం అదే కావడం మన అదృష్టం. 1972లో మొదలైన లాండ్‌శాట్ ఉపగ్రహాల తొలి ఫొటోలు ఇందుకు పనికిరావు. అందులో ఒక చుక్క 80 మీటర్లు, స్ట్రిప్ వెడల్పు ఇరవయ్యే. వేర్వేరు ఏళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి రన్‌వే గీతని వదిలేసి, దాన్నుంచి పక్కకి పోయే చిన్న దారి ఎక్కడ ఆగుతుందో చూడండి. చప్టా అక్కడ ఉంటుంది. స్ట్రిప్ మూతపడి పదేళ్లయ్యాక కూడా గడ్డి మొలవని మచ్చ, దాన్నుంచి పల్లంవైపు సాగిన తోక కనిపిస్తే నమూనాలు తీయాల్సిన చోటు దొరికినట్టే. ఎరువు స్ట్రిప్‌లలో తిరకాసుగా ఉంటుంది. ఎరువు పోసిన చోట గడ్డి మామూలు కంటే ఏపుగా, నల్లటి పచ్చగా ఉంటుంది.

నేల మీద నడిస్తే ఇంకొన్ని కనిపిస్తాయి. సిమెంటులో పాతిన ఇనుప రింగులు మూడేసి చొప్పున ఉంటే అవి విమానాన్ని కట్టేసినవి, రెక్కలకి రెండు, తోకకి ఒకటి. ఇత్తడి నాజిళ్లు, అల్యూమినియం గొట్టం ముక్కలు, గాజు కొలజాడీలు, డ్రమ్ముల మూతలు చప్టా చుట్టూ మట్టిలో దొరుకుతాయి. పాత విమానం తుక్కు మిగిలి ఉంటే పిల్లల్ని ఎక్కనివ్వకండి. హాపర్ మూలల్లో పేరుకున్న మందు అలాగే ఉంటుంది. యుద్ధకాలపు మీటర్లలో కొన్నిటి ముళ్లకు చీకట్లో వెలగడానికి రేడియం పూశారు, వాటి అద్దం పగలగొట్టకూడదు.

నమూనాల దగ్గర జరిగే పొరపాటే అన్నిటికన్నా ఎక్కువ. ఎరువుల కోసం మట్టి పరీక్ష చేసినట్టు, పొలమంతా తిరిగి ఇరవై చోట్ల మట్టి తీసి, కలిపి, ఒక సంచి పంపిస్తారు. 800 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు అంటే 16,000 చదరపు మీటర్లు. అందులో చప్టా మూల పది మీటర్లకి పది అనుకుంటే 100 చదరపు మీటర్లు. ఇష్టం వచ్చిన చోట ఇరవై గుంటలు తీస్తే ఒక్కటైనా ఆ మూలలో పడే అవకాశం నూటికి పన్నెండు. పడ్డా లాభం లేదు. అక్కడ కిలో మట్టికి 2,000 మిల్లీగ్రాములు ఉన్నా, మిగతా పంతొమ్మిది గుంటల మంచి మట్టితో కలిసి 100గా కనిపిస్తుంది. ‘పరీక్ష చేయించాం, పెద్దగా ఏమీ లేదు’ అన్న మాట చాలాసార్లు ఇలా పుడుతుంది.

సరైన పద్ధతి ఆనవాళ్లు చూసి తవ్వడం. చప్టా నాలుగు అంచులా, సిమెంటు పగుళ్ల కిందా, కాలువ మొదట్లో, అక్కడినుంచి పల్లానికి 5, 10, 20 మీటర్ల దూరంలో, గుంట అనుకున్న చోట, ఇంధనం పంపు దిమ్మ పక్కన, షెడ్డు గుమ్మం ముందు, లేచే వైపు చివర. ఒక్కో చోట 0 నుంచి 15 సెంటీమీటర్లు, 15 నుంచి 30, 30 నుంచి 60 విడివిడిగా తీయాలి. చప్టా అంచున మాత్రం మీటరు దాకా వెళ్లాలి. దేన్నీ దేనితో కలపకూడదు. స్ట్రిప్‌కి దూరంగా, మందు పడని అదేరకం మట్టి రెండు మూడు నమూనాలు తీసుకోవాలి. ఆర్సెనిక్, సీసం ఏ నేలలోనైనా సహజంగా కొంత ఉంటాయి కాబట్టి పోల్చడానికి ఇది లేకపోతే అంకెకి అర్థం లేదు. పురుగుమందుల నమూనాని గాజు సీసాలో, టెఫ్లాన్ పొర ఉన్న మూతతో, 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి. తీసిన 14 రోజుల్లోపు ల్యాబు దాన్ని ద్రావకంలోకి దించాలి. ప్లాస్టిక్ సంచి లోహాల పరీక్షకు చాలు, పురుగుమందులకు చాలదు. ఒక గుంట నుంచి ఇంకో గుంటకి వెళ్లేముందు పారనీ, మట్టి తోడే ఆగర్‌నీ కడగకపోతే మొదటి గుంటలోని మందు చివరి గుంట దాకా వెంట వస్తుంది. కాబట్టి మంచి నేల నుంచి మొదలుపెట్టి చప్టా దగ్గర ముగించండి.

ల్యాబుకి ఏం వెతకాలో రాసివ్వాలి. ‘పురుగుమందులు’ అని ఒక్క మాట రాస్తే వాళ్ల దగ్గర ఉన్న జాబితా వెతుకుతారు, అందులో టాక్సాఫీన్ ఉండకపోవచ్చు. టాక్సాఫీన్ ఒకే పదార్థం కాదు, వందల పదార్థాల మిశ్రమం. గ్రాఫ్‌లో ఒక సూదిలా లేవదు, మూపురంలా పరుచుకుని కనిపిస్తుంది. అడగకపోతే వదిలేస్తారు. 2,4-డి లాంటి ఆమ్ల కలుపుమందులకు వేరే పద్ధతి కావాలి. ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, రాగి విడిగా అడగాలి. చేత్తో పట్టుకుని అక్కడికక్కడే లోహాలు చూపించే ఎక్స్‌రే పరికరం మంచిదే, గాఢమైన చోటు వెతకడానికి వాడండి. కానీ సీసమూ ఆర్సెనిక్కూ విడుదల చేసే ముఖ్యమైన ఎక్స్‌రే శక్తులు దాదాపు ఒకటే, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. సీసం దండిగా ఉన్న మట్టిలో ఆ పరికరం చెప్పే ఆర్సెనిక్ అంకెని నమ్మకూడదు. లెడ్ ఆర్సినేట్ పడిన నేలలో సరిగ్గా ఈ రెండూ కలిసే ఉంటాయి.

ఫలితం రాకముందే ట్రాక్టర్ దింపడం రెండో పొరపాటు. చప్టా పగలగొట్టి రాళ్లు ఎత్తిపోస్తారు. ఆ చప్టా అప్పటిదాకా మూతలా పనిచేసింది, తీశాక వాన నేరుగా కిందికి దిగుతుంది. విమానాల తొక్కుడుకి గట్టిపడ్డ నేలని సబ్‌సాయిలర్ అనే లోతు నాగలితో చీల్చడం రన్‌వే మీద అవసరమే, నేల ఎండి ఉన్నప్పుడు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతున చీల్చాలి. అదే పని చప్టా మూలలో చేస్తే అరడుగులో ఉన్న మందు రెండడుగుల లోతుకి, నలభై గజాల దూరానికి చేరుతుంది. తీసేయాల్సిన మట్టి పదింతలవుతుంది. ముందే చూసి ఉంటే పది మీటర్లకి పది, అర మీటరు లోతు, 50 ఘనపు మీటర్లు, 75 నుంచి 80 టన్నులతో పోయేది. మంచి మట్టి కలిపి పలచన చేయడం కూడా పరిష్కారం కాదు, అంకె తగ్గుతుంది గానీ మందు తగ్గదు.

పైరు వేసినప్పుడు జరిగే పొరపాట్లు ఇంకా మెల్లగా బయటపడతాయి. ఆర్సెనిక్ ఉన్న నేలలో ఫాస్ఫేట్ ఎరువు దండిగా వేస్తే మట్టిరేణువుల మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటులోకి ఫాస్ఫేట్ వెళ్లి దాన్ని నీళ్లలోకి నెట్టేస్తుంది. రెండూ ఒకే తీరు పదార్థాలు కాబట్టి అలా జరుగుతుంది. దమ్ము చేసి నీళ్లు నిలబెడితే గాలి అందక ఇనుప పొరలు కరిగి, వాటిని పట్టుకున్న ఆర్సెనిక్ విడుదలై వరి వేళ్లలోకి పోతుంది. అలాంటి మూలలో వరి వద్దే వద్దు. గుమ్మడి జాతి మొక్కల్లో కొన్ని డీడీఈనీ, క్లోర్డేన్ అనే పాత పురుగుమందునీ మట్టినుంచి లాగి కాయలోకి చేర్చుకుంటాయి, మామూలు మొక్కలు అంతగా లాగవు. అక్కడ మట్టి గీరి తినే కోళ్ల గుడ్లలోకి డీడీటీ చేరుతుంది. మిగతా రన్‌వే సంగతి వేరు. అక్కడ చాలామటుకు నేల బాగానే ఉంటుంది, భయంతో మొత్తం పడావు పెట్టాల్సిన పని లేదు. మూల ఏదో తెలిస్తే దాన్ని కంచె వేసి విడదీయొచ్చు. మట్టి తీసి సరైన చోటుకి పంపడమా, లేక గుర్తుపట్టే రంగు గుడ్డపొర పరిచి పైన మంచి మట్టి కప్పి దస్తావేజులో రాసిపెట్టడమా అన్నది ఆ తర్వాతి మాట. ఆర్సెనిక్‌ని ఆకుల్లోకి లాగే చైనీస్ బ్రేక్ ఫెర్న్ గురించి 2001లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పనిచేస్తుంది, కానీ ఏళ్లు పడుతుంది, కోసిన ఆకులే మళ్లీ విషపు చెత్త.

షెడ్డులో డ్రమ్ములు మిగిలి ఉంటే మూత ఉబ్బినదాన్ని తెరవకూడదు, తుప్పుపట్టినదాన్ని కదపకూడదు. కాల్చకూడదు, డీడీటీ లాంటి ఆర్గానోక్లోరిన్ మందులు కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పారాథియాన్ లాంటివి పలచగా పడితే కొన్ని నెలల్లో విరిగిపోయినా, గాఢంగా ఒలికిన చోట ఏళ్ల తరబడి మిగలగలవు. అవి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. తోలు చెప్పులు, తోలు బూట్లు ఆ మందుని పీల్చుకుంటే ఎంత కడిగినా పోదు. అక్కడ నడిచేవాళ్లు రబ్బరు బూట్లు వేసుకోవాలి. కేరళ కాసరగోడ్ జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో చల్లిన ఎండోసల్ఫాన్ 2000లో ఆగింది, 2011లో, తేలిగ్గా విరగని విషాల్ని ఆపే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోకి ఎక్కింది. చల్లడం ఆగాక కూడా మిగిలిన మందు గోడౌన్ల డ్రమ్ముల్లో ఏళ్లపాటు ఉండిపోయింది. ఎగరడం ఆగిన రోజు లెక్క ముగిసిన రోజు కాదు.

బోరు గురించి ఒక్క మాట. మందు కలిపే ట్యాంకులో గొట్టం మునిగి ఉండగా పంపు ఆగిపోతే ట్యాంకులోది వెనక్కి లాగి బోరులో పడుతుంది. గొట్టం మొనకీ నీటి మట్టానికీ మధ్య గొట్టం వ్యాసానికి రెండింతల ఖాళీ వదిలితే అది జరగదు, కానీ పొద్దున్నే తొందరలో నింపేవాళ్లు గొట్టాన్ని లోపల పడేసి వెళ్లేవాళ్లు. కాబట్టి స్ట్రిప్ బోరు నీళ్లు పరీక్షించకుండా తాగొద్దు, పశువులకి పెట్టొద్దు. వాడని బోరైతే నమూనా తీశాక అడుగునుంచి పైదాకా బెంటోనైట్ బంకమట్టితోనో సిమెంటుతోనో నింపాలి. నోటికి రాయి పెట్టి వదిలేస్తే వాన నీళ్లతో చప్టా మందు నేరుగా భూగర్భజలంలోకి దిగే దారి అదే.

డ్రోన్లు ఇప్పుడు ఇదే పని చిన్నగా చేస్తున్నాయి. పది లీటర్ల ట్యాంకు, పదేసి నిమిషాలకోసారి అదే గట్టు మీద దిగి మందు నింపుకోవడం, సాయంత్రం అక్కడే కడగడం. రోజూ ఒకే గట్టైతే అదీ చప్టా మూలే అవుతుంది. నింపే చోటు మార్చుతూ ఉండాలి. కింద మందమైన టార్పాలిన్ పరవాలి. కడుగునీళ్లని అదే పైరు మీద చల్లేయాలి, గట్టు మీద పారబోయకూడదు.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. ఈ స్ట్రిప్‌ల గురించి ఎక్కువ తెలిసింది పైలట్లకి కాదు. మందు కలిపినవాళ్లకి, గొట్టం పట్టినవాళ్లకి, జీపీఎస్ రాకముందు పొలం చివర జెండా పట్టుకుని నిలబడి నెత్తిన మందు పడుతుంటే పైలట్‌కి వరస చూపించినవాళ్లకి తెలుసు. వాళ్లని ‘అక్కడ విషం ఉండేదా’ అని అడిగితే నొచ్చుకుంటారు, లేదంటారు. నీళ్లు ఎక్కడినుంచి తెచ్చేవారు, విమానం ఎక్కడ కడిగేవారు, ఆ నీళ్లు ఎటు పారేవి, ఖాళీ డ్రమ్ములు ఏం చేసేవారు, వానాకాలం ఏ వైపుకి లేచేవి అని అడిగితే కూర్చుని చేత్తో గీసి చూపిస్తారు. మీ పాఠకుల్లో అలాంటివాళ్లుంటే వాళ్లు గీసిన ఆ పటాన్ని అచ్చువేయండి. తేదీ, ఉత్తరం దిక్కు, అడుగుల్లో దూరాలు ఉంటే చాలు. దాని ఒక నకలు ఆ నేల దస్తావేజుతో పాటు ఉంచమని యజమానులకు చెప్పండి.

ఇట్లు,
మట్టి, నీళ్లలో పురుగుమందుల అవశేషాలు పరీక్షించే పనిలో ఉన్నవాళ్లం